ఒక చెయ్యి జేబులో

పెరంబూర్ రైల్వే క్వార్టర్స్‌లో
నోరీన్ ఆంటీ దానిమీద కుట్టుమిషను పెట్టుకుంది.
"మా తమ్ముడు డెన్జిల్‌ది. ముప్పయ్యేళ్లుగా పలకలేదు."
తొమ్మిది వేలు. బేరమాడబోయి
ముందరి గుడ్డమీద సిగరెట్టు కాలిన మచ్చ చూసి
ఊరుకున్నాను.

రిచీ స్ట్రీట్ మేడమీద ఏకాంబరం
వెనక చెక్క విప్పితే
బొద్దింక గుడ్లు, చిరిగిన డాన్సు టికెట్టు,
ఉబ్బిపోయిన కెపాసిటర్లు.
"ప్లగ్గు పీకినా లోపల కరెంటు దాచుకునుంటాది నైనా,
ఒక చెయ్యి జేబులో పెట్టుకో."

మూడు శనివారాలు. సీసం పొగ.
బర్మా బజారులో ఎవరో అటకెక్కించిన రష్యా వాల్వులు నాలుగు,
అందులో ఒకటి చచ్చింది.

స్విచ్చి వేశాం. ఏమీ లేదు.
వేలు ఆనగానే వెలిగేవాటితో పెరిగినవాణ్ణి,
ఆగడం రాదు నాకు.
"ఉండబ్బా, అన్నం ఉడకొద్దా?"
గాజులోపల మెల్లగా
నివురు ఊదినట్టు ఎరుపు,
కాగిన దుమ్ము వాసన,
ఏ తీగా మీటకముందే
స్పీకరు గొంతు సవరించుకుంది.

ఆ ఝుమ్మనే మోత తీసేస్తానన్నాడు, ఇంకో నూటయాభైకి.
ఎడమచేత్తో ఫోను దగ్గర పెట్టి ఆంటీకి వినిపించాను.
అటువైపు కుట్టుమిషను ఆగింది.
"వాడు మొదలుపెట్టేముందు
ఇల్లంతా ఇలాగే ఉండేది."

వద్దులే అన్నాను ఏకాంబరంతో.
కుడిచెయ్యి ఇంకా జేబులోనే ఉంది.