పగటిపూట గుడ్‌నైట్

వారం కింద మా వీధిలో ఒక బీగం పగిలింది.
మాది కాదు, మూడిండ్ల అవతల, కొళాయి పక్క ఇల్లు.
కుక్కలు మొరగలేదంట.
సొమ్ము పోయినదానికన్నా
దానికే అందరూ ఎక్కువ ఇదైపోయినారు.

నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోకుండా
టవర్ క్లాక్ దగ్గర సందులో
షట్టర్ ఎత్తేదాకా నిలబడినాను.
ఖాజాపీర్ అద్దాల బల్ల మీద పరిచినాడు
అగ్గిపెట్టెలంత తెల్ల డబ్బీలు.
ఇది వాకిలికి, ఇది కిటికీకి,
ఇది మూలన కూచొని నడిచేవాళ్ళను చూస్తాది,
ఇదిగో, ఇది వీటన్నిటికీ పెద్దమనిషి,
లైట్లైనా ఫ్యానైనా దీని మాటే వింటాయి.
వైర్లు లేవు సిస్టర్, గోడకు ఒక్క బొక్క పడదు.

గోడ మాది కాదు, బాడుగది. ఆ మాట నచ్చింది.

కరెంటు పోతే?
బ్యాటరీ ఉంది.
నెట్టు పోతే?
సిమ్ము వేసుకోవచ్చు.
బ్యాటరీనే అయిపోతే?
అయిపోతాండానని వారం ముందే చెప్తాది.
ఏడో నంబరు బెడ్డు గుర్తొచ్చింది.
రాత్రి పన్నెండు దాకా నాతో కందుల ధర మాట్లాడినాడు ఆయన.
ఏమీ అనకుండా ఇంకో డబ్బీ చేతికి తీసుకున్నాను.

సైరను మోగించి చూపించినాడు.
ఎదురుగా టీ బండి కాడ నలుగురు తల తిప్పినారు.
రెండోసారి ఇద్దరు.
మూడోసారి ఎవరూ తిప్పలేదు.
నూటపది డెసిబెల్స్, అన్నాడు గర్వంగా.

నాయనా, పదకొండేండ్లుగా నేను మోతల మధ్యనే బతుకుతాండాను.
వేలికి పెట్టిన క్లిప్పు జారితే కూస్తాది,
సెలైను అయిపోతే కూస్తాది,
ఏమీ కాకపోయినా కూస్తాది.
ఒకసారి నిజంగానే కూసినప్పుడు
క్లిప్పు జారిందేమోలే అనుకున్నాం అందరం.
ఎంత గట్టిగా అరుస్తాదని నేను అడగను.
బల్లి పారాడితే గమ్మునుంటాదా?
ఫ్యాను గాలికి క్యాలెండరు ఊగితే?
మా ఓబులేసు తాడిపత్రి బండలలోడు దించేసి
చెప్పాపెట్టకుండా రెండింటికి ఇంట్లోకొస్తే
దొంగ అంటాదా?

ఖాజాపీర్ డబ్బీ తిప్పి వెనకవైపు చదివినాడు.
బల్లి సంగతి రాయలేదు.

పోయేదానికి మాత్రం ఇంట్లో ఏముంది,
గాజులు రెండూ కుదవలో ఉన్నాయి,
వాటికి వేరే సైరను కావలి.
లేచిపోదామనుకుంటుండంగా
ఫోను తెరిచి అసలు సంగతి చూపించినాడు.
గుడ్‌నైట్ అని ఒక్క మాట అంటే చాలంట,
లైట్లు ఆరతాయి, ఫ్యాను మూడులోకొస్తాది,
వాకిలికి కావలి మొదలైతాది.
ముందే రాసిపెట్టి ఉంది:
రాత్రి పది నుంచి పొద్దున ఆరు.

నా రాత్రి పొద్దున తొమ్మిదింటికి.
ప్లాస్టిక్ బిందెలోడు వీధంతా అరుస్తుండంగా,
నాగలింగమ్మ రోట్లో మిరపకాయలు దంచుతుండంగా
కిటికీకి పాత దుప్పటి కట్టి పండుకుంటాను.
గ్యాసు పిల్లోడు పదకొండింటికే వాకిలి బాదుతాడు.
పగలు నిద్దరేందని చుట్టాలు నవ్వుతారు.
గడియారం కూడా వాళ్ళ పక్షమే.

ఇది మార్చొచ్చా, అన్నాను.
మీకు ఎప్పుడు రాత్రయితే
దానికి అప్పుడే రాత్రి సిస్టర్, అన్నాడు పిల్లోడు,
పెద్ద విషయమేం కానట్టు.

ఎనిమిదివేల నాలుగొందలు, మూడు కంతులు.
సైరను మాత్రం పెట్టెలోంచి తియ్యలేదు.

ఈపొద్దు మొదటిసారి
ఎర్రటెండలో గుడ్‌నైట్ అన్నాను.
లైటు ఆరింది.
అయినా నమ్మకం కుదరక, పడక దిగి,
చెప్పులు వదిలేసి మునివేళ్ళ మీద
నా ఇంట్లో నేనే దొంగమాదిరి నడిచినాను.
చేతిలో ఫోను వణికింది:
ఇంట్లో ఎవరో ఉన్నారు.