పదిన్నర దాటితే రాకు

నేను వెళ్ళేసరికి విమానం ఇంకా తలకిందులుగానే ఉంది.
సస్కాచెవాన్, జులై, మధ్యాహ్నం రెండు.
చుట్టూ మోకాలు దాటిన అవిసె చేను,
పచ్చగా, ఏమీ ఎరగనట్టు.

పైలట్ లోర్న్ హాల్వర్సన్, అరవై రెండేళ్ళు.
భుజం దగ్గర ఎముక విరిగింది.
ఆసుపత్రి మంచం మీంచి ఒకటే మాట:
"రోడ్డు అందలేదు. నీళ్ళలో దించాను."

నా పటంలో పదిహేను కిలోమీటర్ల లోపు
నీటిచుక్క లేదు.
తలకు దెబ్బ, అని పక్కన రాసుకున్నాను.

ఇంజన్ విప్పించాను.
పెట్రోలుంది. నిప్పురవ్వ ఉంది.
ఆగిపోవడానికి దానికి ఒక్క సాకూ లేదు.
కార్బ్యురేటర్ గొంతులో మంచు పేరుకుని ఉంటుంది.
గాలిలో తేముంటే వేసవి పొద్దున కూడా పేరుకుంటుంది.
ఇంజన్ ఊపిరాడక నీరసించి, దగ్గి, ఊరుకుంటుంది.
నేను పెట్టె తెరిచే వేళకి మంచు ఉండదు.
ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో
దాన్ని ఒక్కసారీ కళ్ళారా చూడలేదు.

లోపల, ఎవరికో గడ్డిమోపుల యంత్రం బెల్టు.
పైకప్పు మీద, అదే ఇప్పుడు నేల,
ఒక జత బూట్లు.
లేసులు తెగలేదు. విప్పి ఉన్నాయి.

ఇంజన్ పోయినవాడు బూట్లెందుకు విప్పుతాడు?

చేను గలావిడ ఒరిసియా డిమిట్రివ్
కంచె దగ్గర నిలబడి ఉంది.
నష్టం లెక్క చెబుతుందనుకున్నాను.
"రేపు ఏడింటికి రా," అంది.
"పదిన్నర దాటితే రాకు."

ఏడింటికి అక్కడ చేను లేదు.
ఈ కంచె నుంచి ఆ కంచె దాకా నీలం.
గాలి వీస్తే అల లేచి నా వైపు వచ్చింది.
విమానం చక్రాలు పైకెత్తుకుని
దాంట్లో వెల్లకిలా తేలుతోంది.
గట్టినేల మీదే ఉన్నాను, తెలుసు,
అయినా ఒకడుగు వెనక్కి వేశాను.

అవిసె పువ్వుది ఒక్క పూట బతుకట.
పదిన్నరకి రేకలు రాలడం మొదలైంది,
చప్పుడు లేకుండా, ఎవరూ దులపకుండా.
పన్నెండుకి మళ్ళీ
నిన్నటి నా సాక్ష్యం, పచ్చగా.

కారణం అన్న గడిలో
'నిర్ధారణ కాలేదు' అని రాశాను. అలాగే రాయాలి.
తలకు దెబ్బ అన్న మాట మాత్రం కొట్టేశాను.

బూట్లు నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను.
"ఈదుదామనుకున్నావా?" అన్నాను.

"నాకు ఈత రాదు," అన్నాడు హాల్వర్సన్,
మంచం మీంచి చెయ్యి చాపి
తోలు మీది మట్టి బొటనవేలితో తుడుస్తూ.
"కొత్త బూట్లు."