ఏడో మాత్ర

జమియా వెనక చెత్తతొట్టి దగ్గర దొరికిందంట.
దానా స్కూలు కోటు కింద దాచి తెచ్చింది,
కాళ్లు పుల్లలు, కడుపు మాత్రం కుండ.
నేను తోకెత్తి చూశాను.
దోసగింజంత తెల్లటిది, మెల్లగా కదులుతోంది.

"నట్టలు," అన్నాను.
అరబ్బీలో ఆ మాట నాకు రాదు.
చూపుడువేలు వంచి బండమీద పాకించాను.
మామా రెండు కాళ్లూ సోఫా మీదికి లాక్కుంది.

ఇంట్లో అప్పటికే మూడున్నాయి:
మిష్‌మిష్, తర్వాత ఆ నల్ల కవలలు.
ఏది సుక్కరు, ఏది ఫహము
కన్నతల్లికైనా తెలుసో లేదో.

కొత్తదానికి బట్టలుతికే గది.
దాని గిన్నె దానిది, దాని ఇసుకడబ్బా దానిది.
(ఇంత ఇసుక దేశంలో
ఇసుకని సంచుల లెక్కన కొంటారు వీళ్లు!)
పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఎత్తి పారేస్తాను,
గుడ్డు ముదిరి పురుగయ్యేలోపే.
డబ్బాకి మరిగే నీళ్లు, ఆపైన సల్వా ఎండ.
దువ్వెనకి చిక్కిన ఎగిరే పేలు సబ్బునీళ్లలోకి.
నాకుతూ నాకుతూ ఆ పేనుని మింగిందా,
నట్ట మళ్లీ పొట్టలోకే.

మందు వేసే రోజు నాయన గుర్తొచ్చాడు.
లక్కిరెడ్డిపల్లెలో, తొలకరికి ముందు,
మోకాళ్ల మధ్య గొర్రె తల, చేతిలో వెదురుగొట్టం.
తాగినదానికల్లా వీపు మీద ఎర్రమన్ను పూసేదాన్ని నేను.
"ఒక్కదాన్ని వదిలితే
మందకంతా వదిలినట్టే పాపా" అనేవాడు.

ఇక్కడ ఎర్రమన్ను లేదు.
చేపముక్కలో మాత్ర దాచి మింగించి
చెవి వెనక పసుపు రాశాను.
సుక్కరు తెరచాటుకి పోయి ఉమ్మేసింది.
లేకపోతే ఫహమేమో.
పసుపున్న ఇద్దరిలో ఎవరని అడగను?
తెరకింద తడిమాత్ర, నా కొంగుకి పసుపు.
చివరికి పొట్ట బిగబట్టుకుని కూర్చున్నదే దొంగ.

ఫోనులో సూడాను డాక్టరు ఏదో చెప్పాడు.
మనుషులకీ వెయ్యమన్నాడట, ఇంట్లో అందరికీ.
మామా వేళ్లు మడిచింది:
బాబా, పెద్దామె, తను,
దానా, ఫైసలు, హోస్టలు నుంచి వచ్చిన పెద్దవాడు.
ఆరు.

ఇసుకడబ్బాలో రోజూ చేతులు పెట్టేది నేను.
రొట్టెపిండి పిసికేదీ ఆ చేతులే.

నా గ్లాసు వేరే అరలో ఉంటుంది.
దాని గురించి ఇన్నేళ్లలో నేనేమీ అనలేదు,
ఇప్పుడూ అనలేదు.
"సబా, మామా," అన్నాను. ఏడు.
మడవని వేలొకటి గాలిలో ఆగిపోయింది.
మామా ఆ వేలిని చూసింది, తర్వాత నన్ను.

పదైదో రోజున బట్టలగది తలుపు తీశాను.
బక్కది పరుగున పోయి
మిష్‌మిష్ పొట్టలో మొహం దాచుకుంది.
గ్లాసు అదే అరలో ఉంది.

మొదటి మాత్ర మింగిన రాత్రి
పసుపు వేలితో నా చెవి వెనక రుద్దుకున్నాను,
నాయన లెక్కకి.
రెండో విడత మళ్లీ వస్తుంది.
మళ్లీ ఆరే లెక్కపెడుతుందేమో,
గుర్తు చెయ్యాలి.