నాలుగో గచ్చు

ముఆరా బారులో సముద్రం వీధికంటే ఎత్తు.
గోడ అవతల పడవలు
మన నెత్తిమీద నడిచినట్టు పోతుంటాయి.
గోడకి చెమట పడుతుంది.
కొత్తవాళ్ళు వేలితో తాకి నాలుకకి రాసుకుని చూస్తారు.
ఉప్పే.

నా పేరు కార్సిది. తాపీ మేస్త్రిని.
జకార్తా నడిబొడ్డున మేడలు ఆకాశంలోకి కడతారు,
ఈ పేటలో మేం ఇంటిని లోపల్నించి నింపుతాం.
వార్తీనా ఇంట్లో ఇది నాలుగో గచ్చు.

మొదటిది ఆమె పెళ్ళినాటిది, నీలం పువ్వుల పలకలు.
పెద్ద వరదకి దానిమీద జానెడున్నర.
అప్పు తెచ్చి, దానిమీద మూర.
ఇవాళ ఇంకో మూర.
గుమ్మం పొట్టిదైపోయి, కిటికీయే గుమ్మమైంది.
పంకా విప్పి గోడకి కొట్టాను, చెయ్యెత్తితే వేళ్ళు తెగుతాయని.

నింపడానికి తెచ్చింది ఎక్కడో పడగొట్టిన హోటలు పెళ్ళలు.
ఒక ముక్కమీద బంగారు అక్షరాలు: "స్వాగ—"
మిగతా సగం ఇంకెవరి ఇంటికింద ఉందో.

మాస్కుల ఏడాది వార్తీనా కొబ్బరన్నం అమ్మడం మానలేదు.
వెదురు కర్రకి చేపల బుట్టవల కట్టి
పొట్లం అవతలికి, డబ్బు ఇవతలికి.
నోట్లు సబ్బునీళ్ళలో ముంచి తీగమీద ఆరేసేది.
ఆ వల ఇప్పటికీ ఉంది.
నీళ్ళొచ్చిన రోజున చెప్పులు పట్టడానికి.

రాజధాని అడవికి తరలిపోతోందట.
టీవీలో తెల్లటి నమూనా చూపించారు,
అందులో చెట్లు అగ్గిపుల్లలంత.
"కుర్చీలు పోతే పోనీ," అంది వార్తీనా,
"తెల్లారి మూడింటికి రేవులో ఆకలయ్యేవాళ్ళు పోరుగా."

ఇసుక పోస్తూ ఒకచోట ఆగాను.
గోడమీద పెన్సిలు గీతలు, కూతురు సెప్తి ఎత్తు,
ఏడాదికొకటి.
తొమ్మిదేళ్ళ సెప్తి నా మోకాలి దగ్గరుంది.
నాలుగేళ్ళ సెప్తి
ఇంకో నాలుగు తట్టలు పోస్తే మునుగుతుంది.
తట్ట చేత్తో పట్టుకుని నిలబడ్డాను.
నేను పూడ్చినవి చాలా ఉన్నాయి గానీ
పేరూ తేదీ రాసినవాటిని కాదు.

సెప్తి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది,
బూట్లు చేత్తో పట్టుకుని, కిటికీ దాటి.
చూసింది. నవ్వింది.
గోడకి ఆనుకుని నిలబడి
"కొలవండి మేస్త్రీ" అంది.
తల దూలానికి బెత్తెడు దూరం.
"ఇంకో గచ్చు పడితే నా గీత పైకప్పుమీద గియ్యాలి!"
వార్తీనా నవ్వలేదు. పైకప్పుకి ఎంతవుతుందని అడిగింది.
చెప్పాను. చాలాసేపు గిన్నెలు తోముకుంది.

సాయంత్రానికి పోసేశాను.
నునుపు చేస్తూ, ఎవరూ అడక్కపోయినా,
గుమ్మంవైపు వేలెడు వాలు పెట్టాను.
వచ్చేదాన్ని ఎలాగూ ఆపలేం,
పోయే దారైనా తెలియాలిగా దానికి.