ఎడమ మోకాలు

గుంటూరు లేబర్ కోర్టులో
ఇది పదిహేడో వాయిదా.
ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు,
యార్డు వైపు నుంచి మిర్చి ఘాటొక్కటే వస్తుంది.

పదకొండేళ్లు ఆ గ్రౌండులో సున్నం గీతలు గీశాను.
కాగితం మీద మాత్రం నేను
తాత్కాలికం.
తీసెయ్యడానికి నోటీసైనా అక్కర్లేదన్నారు.
ఆ ఒక్క మాట మీదే ఈ కేసు.

కాలరు పట్టుకున్నారా? అన్నాడు స్కూలు ప్లీడరు.
పట్టుకున్నాను.
ముందు తోసింది కుర్రాడేనని
మా మస్తాన్‌వలి గారు లేచారు.
వాడు తోసింది నిజం.
నేను చెయ్యెత్తిందీ నిజమే.
ఆ రెంటి మధ్య ఎంతసేపు గడిచిందో
నా స్టాప్‌వాచీకి కూడా తెలీదు.

ఇవాళ సాక్షి బోనులో నిహాంత్.
మీసం వచ్చింది. నా వంక చూడడు.
బరువంతా ఎడమకాలి మీదేసి
మోకాలు లోపలికి వంచి
అదే నిలబడటం.
ఎన్ని తెల్లవారుజాములు అరిచానో
ఆ మోకాలి కోసం!

జడ్జిగారు ఏదో రాసుకుంటున్నారు.
నోటిదాకా వచ్చింది,
“మోకాలు, ఒరేయ్, మోకాలు.”
మింగేశాను.

వాడు చెబుతున్న మాట మధ్యలో ఆగి
కాలు సర్దుకున్నాడు.