పక్కన ఇనప తలుపు

మా తాకట్టు కొట్టు కిటికీకి పైన గరుకు గాజు,
కింద చెయ్యి పట్టేంత సందు.
పన్నెండేళ్ళుగా రుస్తావి జనాన్ని
మణికట్టు దాకానే చూస్తున్నాను.
పెద్ద సామానుకి పక్కన ఇనప తలుపు.
అది లోపలికి వచ్చేవాటికే ఎక్కువ తెరుచుకుంటుంది.

గోచా చెయ్యి నాకు మొదట కరెంటు డ్రిల్లుతో తెలిసింది.
ఉక్కు ఫ్యాక్టరీ చెయ్యి, గోళ్ళ కింద ఎన్నటికీ పోని నలుపు.
"వారమే ఎతేరీ, శనివారం విడిపిస్తా."
శనివారం వచ్చాడు,
టైల్స్ కోసే మిషనుతో.

తర్వాత లమారా చెవి రింగులు,
మందులషాపు డబ్బాలో, దూదిలో చుట్టి.
తర్వాత పిల్లవాడి అకార్డియన్.
దాని పెట్టెలో ఒక నోట్సు కాగితం:
మంగళవారం పాఠం, ఎడమ చెయ్యి మాత్రమే.
కాగితం తీసి ఇవ్వబోయాను.
"ఉండనీ, ఎలాగూ పట్టుకెళ్తాగా" అన్నాడు.

ఏం ఆట గోచా, అని అడిగానొకసారి.
సిగ్గుపడతాడనుకున్నా.
కొత్తగా పెళ్ళయినవాడు ఫొటో చూపించినట్టు
ఫోను సందులోంచి లోపలికి పెట్టాడు.
చిన్న విమానం. గీత గీసుకుంటూ పైకి పోతోంది.
అది మాయమయ్యేలోపు దిగెయ్యాలి, అంతే.
"నిన్న పద్నాలుగు రెట్లు వెళ్ళింది తెలుసా?"
"నువ్వెక్కడ దిగావు?"
"దాన్ని నేను ఎక్కలేదు."
ఎక్కని విమానాల లెక్కలన్నీ అతనికి కంఠతా.

మా తొమ్మిదంతస్తుల ఇంట్లో లిఫ్టుకి ఒక డబ్బా ఉంది,
పది తెత్రీల నాణెం వెయ్యాలి.
ఏడో అంతస్తు అంటే ఏడో అంతస్తే.
ఈ ఊళ్ళో డబ్బు తీసుకుని
చెప్పిన చోట దించే యంత్రం అదొక్కటే.
ఫిబ్రవరి నుంచి గోచా మెట్లెక్కుతున్నాడు.

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలిగా, అంటాడు.
నిజమే. కానీ
ఉంగరం మింగిన నదిలో
ఇంకో ఉంగరం వేసి వెతుకుతారా ఎవరైనా?
అనలేదు నేను.
నా జీతం ఆ రెండో ఉంగరం మీదే వస్తుంది.
గడువు దాటితే వడ్డీ వేరే లెక్క,
ఆ లెక్క చీమల బారులాంటి అక్షరాల్లో ఉంటుంది,
చదువుకో అని చెప్పడం నా ఉద్యోగంలో లేదు.

ఏప్రిల్లో వట్టి చేతులతో వచ్చాడు.
వంగి, సందుకి నోరు ఆనించి, గొంతు తగ్గించి,
"బంగారు పన్ను తీసుకుంటారా?"
అతని మొహంలో నేను చూసిన మొదటి ముక్క అదే,
వెనక దవడలో, తడిగా మెరుస్తూ.
"పీకించుకుని రావాలి" అన్నాను.
గ్రాము ధర కూడా చెప్పాను.
ఇంటికెళ్ళి అన్నం సహించలేదని చెప్తే అబద్ధం. తిన్నాను.

అతను రాలేదు.
లమారా చెయ్యి వచ్చింది, గోచా ఫోనుతో.
"నిద్రపోతుంటే తెచ్చా. ఎంతిస్తే అంత.
ఇవ్వకపోయినా సరే, లోపల పెట్టి తాళం వెయ్యి."
"ఇంకోటి కొనుక్కుంటాడేమో."
"కొనుక్కుంటాడు. రేపో, ఎల్లుండో."

పనిచేస్తోందో లేదో చూడ్డం రివాజు. తెర వెలిగింది.
అప్పులిచ్చిన మూడు కంపెనీలవి ముప్పై ఒక్క కాల్స్.
వాటి మీద ఒక ముద్దుమాట:
గోచా, నువ్వు లేక బోసిగా ఉంది,
నీకోసం ఇరవై ఉచిత ఆటలు.
ఆ ఇంట్లో వాళ్ళెవరూ
ఇంత తీయగా పిలిచి ఎన్నాళ్ళయిందో.

బీరువాలో, రింగుల డబ్బా పక్కన పెట్టాను.
తలుపు మూశాక కూడా అది గొణుగుతూనే ఉంది.

రసీదు రాస్తుంటే చెయ్యి ఇంకా అక్కడే ఉంది.
"ఎతేరీ, ఆ అకార్డియన్ ఒక్క గంట ఇస్తావా?
ఇవాళ మంగళవారం."

నిబంధన ఒప్పుకోదు.
అకార్డియన్ ఆ సందులో పట్టదు కూడా.
లేచి ఇనప తలుపు దగ్గరికి వెళ్ళాను.
తాళంచెవి రెండుసార్లు తప్పువైపు తిప్పాను.