గిన్నె బరువు తీసేశాక

నెల్లిమర్లలో, జూట్ మిల్లు గేటుకెదురు సందులో
మా పొయ్యి.
రెండు ట్రేలు పడతాయి.
మూడోది బల్ల మీద తన వంతుకి కాచుకుంటుంది.

ముప్పై ఏళ్ళూ గ్లాసే నా కొలత.
స్టీలు గ్లాసు, అంచు కింద చుక్కలతో కొట్టిన పేరు
మా అత్తగారిది, బోని గౌరమ్మ.
రెండు గ్లాసుల మైదా,
గ్లాసుకి వేలెడు తక్కువ పంచదార,
డాల్డా కంటికి ఆనినంత.
ఆ వేలు నాది. ఆ కన్నూ నాదే.
ఇంకొకరికి చెప్పాల్సొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

మొన్న మా తమ్ముడి కూతురు యామిని
విజయనగరంలో కొన్న కాటా తెచ్చి బల్ల మీద పెట్టింది.
బడిపిల్లల పలకంత పల్చన.
ముల్లు లేదు, రాళ్ళు లేవు,
ఊపిరి తగిలినా అంకె ఉలిక్కిపడుతుంది.
"నమ్మకం లేదేటి అత్తా?
ఐదు రూపాయల బిళ్ళెట్టు. ఆరు గ్రాములు రావాల."
వచ్చింది.
గల్లాపెట్టెలో బిళ్ళలన్నీ పెట్టి చూశాను.
అరిగిపోయిన ఒక్కటి మాత్రం
ఐదుకీ ఆరుకీ మధ్య ఎటూ తేల్చుకోలేదు.

మైదా ముంచి పోశాను, నూట ఇరవై రెండు.
అదే గ్లాసు, అదే చెయ్యి, నూట ముప్పై ఐదు.
బల్లకి తట్టి నింపితే నూట నలభై ఎనిమిది.
ఇన్నాళ్ళూ కేకు ఒకరోజు పొంగి ఒకరోజు కూలబడితే
నెపం వాన మీద వేశాను, మిల్లు దుమ్ము మీద వేశాను,
గుడ్లమ్మే అప్పలస్వామి మీద కూడా వేశాను.
అప్పలస్వామికి ఒక మాట బాకీ పడ్డాను.

నోటుపుస్తకం తెరిచి
గ్లాసుల్ని గ్రాముల్లోకి దింపుతూ కూర్చున్నాం.
సోలెడు, గిద్దెడు, గరిటెడు,
ఒక్కోటీ అడ్డగీత కింద పడుకుంది.
చిటికెడు ఉప్పు దగ్గరికొచ్చేసరికి
కాటా సున్నా అంది.
ఇంకో చిటికె. సున్నాయే.
నాలుక మాత్రం ఉందంటోంది.
ఆ గడి ఖాళీగా ఒదిలేశాం.

నాకు నచ్చింది ఒకటే మీట.
గిన్నె పెట్టి నొక్కితే
గిన్నె బరువు మర్చిపోతుంది.
ఆ తర్వాత పోసిందే లెక్క.
ఖాళీ గిన్నెలు పెట్టి, ఊరికే, నాలుగుసార్లు నొక్కాను.

నిన్న షుగరున్న డ్రిల్లు మాస్టారు
తవుడు బిస్కెట్లు చెయ్యమన్నారు.
రైసు మిల్లు నుంచి తవుడొచ్చింది, ఇంకా వెచ్చగా.
పోస్తుంటే చెయ్యి ఆగింది.

నా పేరు తవిటమ్మ.
నా ముందు ముగ్గురు పుట్టి పోయారట.
నన్ను మంత్రసాని ఒళ్ళో పెట్టి,
చేటెడు తవుడు ఆవిడకి పోసి,
పరాయి బిడ్డని కొన్నట్టు కొనుక్కుంది అమ్మ.
"చేటెడంటే ఎంతమ్మా?"
"సేటంటే సేటే. నిన్ను తూసి కొంటామేటే?"

అటక మీంచి చేట దించాను.
కాటా మీద పెట్టి మీట నొక్కి
అంచు దాకా పోశాను.
చేట అంకెల్ని కప్పేసింది.
వంగి, కింద నుంచి చదివాను.
యామిని పెన్ను పట్టుకుని తనూ వంగబోయింది.
"ఒగ్గేయే" అన్నాను.
"తవుడు వంద, గోధుమపిండి నూటయాభై.
అదీ రాసుకో."

బల్ల మీద ఒలికింది
అరచేత్తో దగ్గరికి తీస్తుంటే
పొయ్యి దగ్గర ట్రే మార్చే వేళయింది.